రెండుసార్లు తిప్పిన బొమ్మ

గోడకు మేకులు బిగించే మనిషి తన నిచ్చెన తీసుకుని వెళ్ళిపోయాక, కూతురు హాలు మధ్యలో నడుము మీద చేతులు వేసుకుని నిలబడింది.

"ఎలా ఉంది నాన్నా? నోరు తెరిచి ఒక్క మాట చెప్పండి. మీ కోసమే చేయించాను."

సోఫా వెనుక గోడ మీద మూడు అల్యూమినియం పలకలు వరుసగా వేలాడుతున్నాయి. ఒకటి పడవ పందెం, ఒకటి కుస్తీ, చివరిది గుర్రప్పందెం. రెండు వందల ఏళ్ళ కిందట ఎవరో చిత్రకారులు నూనె రంగులతో వేసిన బొమ్మలను ఈ కాలపు యంత్రం లోహం మీదికి దించింది. వాటికి చట్రం లేదు, ముందు అద్దం లేదు. గోడకు అంగుళం ఎడంగా, గాలిలో నిలిచినట్టు బిగించారు. పాత రంగులు నీళ్ళలో తడిసినట్టు మెరుస్తున్నాయి.

"బాగుందమ్మా. తళతళలాడుతోంది," అన్నాడాయన.

"అంతేనా? ఇరవై ఆరేళ్ళు క్లబ్బులో మీ కుర్చీ వెనకాల వేలాడిన బొమ్మ ఇదేగా! ఎంత వెతికి పట్టుకున్నానో తెలుసా? ఆయన్నడగండి, నెల రోజులు ఇంట్లో గుర్రాల గోలే."

"నెలన్నర," అన్నాడు లోపలి గదిలోంచి అల్లుడు.

అది ఆ బొమ్మే, సందేహం లేదు. ముందు నల్లగుర్రం, దాని మీద తెల్లచొక్కా రౌతు, పైకెత్తిన కొరడా, వెనుక మరో మూడు గుర్రాలు, మూలన ఒక మైలురాయి. గుర్రాలన్నీ నాలుగు కాళ్ళూ బార్లా చాపి నేలను వదిలి ఎగురుతున్నాయి. అయినా దాన్ని చూడగానే ఆయనకు, బాగా తెలిసిన మనిషి ఎదురై ఆప్యాయంగా పలకరించి, పేరు మాత్రం తప్పు చెప్పినట్టు అనిపించింది. ఏమిటా తేడా అని కాసేపు చూశాడు. తేలలేదు. జ్ఞాపకం నమ్మదగిన సాక్షి కాదని ఆయన జీవితమంతా పదిమందికి చెప్పిన మనిషి. కనుక తన జ్ఞాపకాన్నే అనుమానించి ఊరుకున్నాడు.

ఆ గుర్రప్పందాల క్లబ్బులో ఆయనను అందరూ భూతద్దం గారనేవారు. గుర్రాలు గెలుపు గీత దాటే క్షణాన్ని ఫిల్మ్ మీద పట్టి, డార్క్‌రూములో కడిగి, ఏ ముక్కు ముందుందో భూతద్దంతో చూసి చెప్పడం ఆయన ఉద్యోగం. వెంట్రుకవాసి తేడాను కూడా వదిలేవాడు కాదు. కొత్తగా చేరినవారిని తన కుర్చీ వెనుకనున్న ఈ బొమ్మ ముందు నిలబెట్టి, "ఏ గుర్రమైనా ఇలా పరిగెత్తుతుందా?" అని అడిగేవాడు. వాళ్ళు బిక్కమొహం వేసేవారు. "పరిగెత్తదు. నాలుగు కాళ్ళూ నేలను వదిలేది కాళ్ళు చాపినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. కెమెరా వచ్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. అన్ని వందల ఏళ్ళు, అన్ని వేల కళ్ళు, లేనిదాన్ని చూశాయి. అందుకే చెబుతున్నా, కన్ను అబద్ధం చెబుతుంది. కెమెరా చెప్పదు," అనేవాడు.

ఆ ఆఖరి మాటను ఆయన ఒకే ఒక్కసారి డార్క్‌రూము బయట, క్లబ్బు పెద్దల ముందు అన్నాడు. దాని సంగతి తరువాత.

బొమ్మలు పెట్టిన నాలుగో రోజు సాయంత్రం నాలుగుంబావుకు ఆయన ఒక్కడే హాల్లో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. కంటి కొసన ఏదో కదిలింది. తలెత్తి చూస్తే నల్లగుర్రం మీది రౌతు చేయి పైకి లేచింది. తెల్లని చొక్కా చేయి భగ్గున వెలిగి, కొరడాతో సహా ఒక్క జానెడు లేచి, నెమ్మదిగా దిగిపోయింది. మళ్ళీ బొమ్మ బొమ్మలా ఉంది.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. గుండె కాస్త గట్టిగా కొట్టుకుందన్న మాట వాస్తవం. మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టాడు. తొంభై నాలుగు. లేచి ఒక పాత నోటుపుస్తకం తెచ్చి తేదీ, సమయం, ఆకాశంలో మబ్బు ఉన్నదీ లేనిదీ రాసుకున్నాడు. మరునాడు నాలుగుంబావుకే, కుర్చీని ఎదురుగా జరుపుకుని కూర్చున్నాడు. చేయి రెండుసార్లు లేచింది. మూడోనాడు మబ్బు పట్టింది, లేవలేదు.

కారణం పట్టుకోవడానికి ఆయనకు ఇంకో రోజు చాలింది. ఈ లోహపు అచ్చులో తెల్లరంగు అన్నది ఉండదు. బొమ్మలో ఎక్కడ తెలుపు కావాలో అక్కడ రంగు వేయకుండా వదిలేస్తారు. అడుగునున్న అల్యూమినియమే తెలుపుగా కనిపిస్తుంది. అంటే రౌతు చొక్కా బొమ్మ కాదు, ఉత్త లోహం. ఎదురు భవనం మెట్లకు అద్దాల తలుపుంది. సాయంకాలపు ఎండ దాని మీద పడుతుంది. ఎవరైనా తలుపు తీస్తే ఆ వెలుతురు వచ్చి ఈ గోడ మీద కిందినుంచి పైకి పాకుతుంది. రుజువు కోసం కూతుర్ని ఎదురు భవనానికి పంపి ఫోనులో చెప్పసాగాడు.

"తలుపు తియ్యమ్మా. ఆఁ. వెయ్యి. మళ్ళీ తియ్యి. కొంచెం నెమ్మదిగా."

"నాన్నా, ఇక్కడి వాచ్‌మన్ నన్ను అదోలా చూస్తున్నాడు. ఇప్పటికి ఏడుసార్లయింది."

"ఇంకొక్కసారి. సరిగ్గా సగం."

తలుపు తెరిచిన ప్రతిసారీ చేయి లేచింది, వేసిన ప్రతిసారీ దిగింది. ఆయన నోటుపుస్తకంలో 'కారణము తేలినది' అని రాసి కింద గీత గీశాడు. కారణం తేలాక భయం పోవాలి. డెబ్బై నాలుగేళ్ళుగా ఆయన అనుభవం అదే. ఈసారి పోలేదు. చేయి ఎందుకు లేస్తోందో ఇప్పుడు క్షుణ్ణంగా తెలుసు. అయినా నాలుగు కాబోతుంటే కుర్చీని గోడకు దూరంగా జరుపుకునేవాడు. ఇంకొకటి కూడా గమనించాడు. రౌతు ముఖంలో చిత్రకారుడు వేసిన వెలుగంతా ఇక్కడ ఉత్త లోహమైంది. ఎండ తగ్గిన వేళ దగ్గరకు వెళ్ళి చూస్తే, టోపీ కింద రౌతు ముఖం ఉండవలసిన చోట తన కళ్ళజోడు మసకగా కనిపించేది. అప్పుడు లోపలెక్కడో ఒక గొంతు, బతిమాలుతున్నట్టు కాక నిజంగా తెలియక అడుగుతున్నట్టు అనేది:

"నా చేయి నాకు తెలీదా సార్?"

ఆ మాట అన్న మనిషి చనిపోలేదు. నాలుగు వీధుల అవతల, కంటి డాక్టరున్న భవనంలో లిఫ్టు నడుపుతున్నాడు.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట అతను జాకీ. ఒంట్లో గుప్పెడు ఎముకలు తప్ప ఏమీ లేనట్టు ఉండేవాడు కనుక పిట్ట అనేవారు. పిట్టా, అతని అక్క మొగుడూ ఒకే పందెంలో స్వారీ చేశారు. గీత దాటే సమయానికి పిట్ట గుర్రం కుడివైపు ఒరిగి, పక్కనే వస్తున్న బావ గుర్రాన్ని పడదోసింది. బావ మోకాలు నుజ్జయింది, మళ్ళీ గుర్రమెక్కలేదు. విచారణలో తేలవలసింది ఒక్కటే. పిట్ట కొరడా ఏ చేతిలో ఉంది? కుడి చేతిలో ఉంటే, ఒరుగుతున్న గుర్రాన్ని అటునుంచి అదిలించి నిలబెట్టడానికి ప్రయత్నించినట్టు. ఎడమ చేతిలో ఉంటే, ఎడమవైపు కొట్టి కావాలనే బావ మీదికి తోలినట్టు. పిట్ట కుడి అన్నాడు. పడిపోయిన బావ ఏమీ చూడలేదు. చూశామన్న నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు.

అప్పుడు పెద్దలు ఫోటో అడిగారు. బావ గుర్రం అడ్డు రావడంతో కెమెరాకు నేరుగా పిట్ట చేతులు కనిపించలేదు. అయితే గెలుపు గీత దగ్గర, బాటకు అవతలివైపు, ఒక నిలువుటద్దం ఉండేది; గుర్రాల రెండో పక్క కూడా ఫిల్మ్ మీద పడడానికి దాన్ని పెట్టారు. ఆ అద్దంలో పిట్ట స్పష్టంగా పడ్డాడు. భూతద్దం గారు ఆ ముక్కను, ఛాతీ నుంచి తల వరకు, పెద్దది చేసి తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొరడా ఎడమ చేతిలో ఉంది.

"నా చేయి నాకు తెలీదా సార్?" అన్నాడు పిట్ట.

"కన్ను అబద్ధం చెబుతుంది. కెమెరా చెప్పదు," అన్నాడాయన.

పిట్టను రెండేళ్ళు నిషేధించారు. ఆ తరువాత ఏ యజమానీ అతనికి గుర్రం ఇవ్వలేదు. అక్కా బావా ఇంటి తలుపు అతని ముఖం మీద వేసేశారని, నేటికీ తీయలేదని క్లబ్బులో చెప్పుకునేవారు. భూతద్దం గారు ఆరు నెలలకోసారి కంటి డాక్టరు దగ్గరకు వెళతాడు. లిఫ్టులో పిట్ట ఉంటాడు. ఎన్నో అంతస్తని అడగడు, నాలుగు నొక్కుతాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. స్టీలు గోడల్లో ఇద్దరి నీడలూ పక్కపక్కన నిలబడి పైకి వెళతాయి. పిట్ట అన్ని పనులూ కుడి చేత్తోనే చేస్తాడు. ఎడమ చేయి ఎప్పుడు చూసినా ప్యాంటు జేబులోనే ఉంటుంది. ఆ చేతికి ఏదో దెబ్బ తగిలి ఉంటుందని ఆయన అనుకునేవాడు.

పది రోజులు గడిచాక, ఒక ఆదివారం ఉదయం, ఆయన భూతద్దం తీసుకుని గుర్రప్పందెం బొమ్మను అంగుళం అంగుళం చదవడం మొదలుపెట్టాడు. మూలనున్న మైలురాయి దగ్గర ఆగిపోయాడు. ఆ రాయి మీద చిత్రకారుడు తన పేరులోని రెండు పొడి అక్షరాలు ఆవగింజలంత రాసుకున్నాడు. ఆ రెండూ తిరగబడి ఉన్నాయి.

"అమ్మా, ఒకసారి ఇలా రా. నీ చేతి అద్దం పట్టుకురా."

అద్దంలో చూస్తే అక్షరాలు సరిగ్గా కనిపించాయి. కూతురు నెత్తి కొట్టుకుంది. "అయ్యో! బొమ్మంతా తిరగేసి అచ్చేశారా? గుర్రాలు అటు పోవాల్సినవి ఇటు పోతున్నాయా? పదండి నాన్నా, వాడి సంగతేంటో తేల్చుకుందాం."

బొమ్మలు అచ్చేసే దుకాణం వెనుక భాగంలో ఒక పెద్ద వేడి ప్రెస్సు నడుస్తోంది. నడిపేవాడు బనీను మీద తువ్వాలు వేసుకుని చెమటలు కక్కుతున్నాడు. కూతురు చెప్పిందంతా విని నాలుక కరచుకున్నాడు.

"తప్పయిపోయింది మేడమ్. మూడూ తిరగబడే ఉంటాయి. పడవా, కుస్తీ మీకు కనబడలేదంతే. పడవ ఎటు పోతే ఎవరికి పట్టింది చెప్పండి?"

"మాకు పట్టింది," అంది కూతురు.

"అసలు ఎలా తిరగబడింది బాబూ?" అని అడిగాడాయన. ఆ గొంతులో కోపం లేదు. వ్యవహారం తెలుసుకోవాలన్న మామూలు ఆసక్తే ఉంది.

"చెప్తాను సార్, కూర్చోండి. ముందు కాయితం మీద బొమ్మ కొడతాం. కాయితాన్ని రేకు మీద బోర్లించి వేడి పెడితే రంగు ఆవిరై రేకులోకి దిగుతుంది. బోర్లిస్తాం కదా, అందుకని కాయితం మీద తిరగేసిన బొమ్మే ఉండాలి. అప్పుడు రేకు మీద సరిగ్గా వస్తుంది. పోయిన నెల ఒకటి తిప్పడం మర్చిపోయి చీవాట్లు తిన్నాం. అందుకని నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని, కంప్యూటర్లోనే ముందుగా తిప్పి పెట్టాను. మా పార్టనరు కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాడు. ప్రింటరు దానంతటదే తిప్పేలా సెట్టింగు పెట్టాడు. నాకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "రెండుసార్లు తిప్పితే తిప్పనట్టే కదండీ. ఎవడో ఒకడు అజాగ్రత్తగా ఉండుంటే బొమ్మ బాగుండేది."

కూతురు నవ్వేసింది. ఉచితంగా మళ్ళీ చేసి ఇస్తానని ప్రెస్సు మనిషి చేతిలో చేయి వేశాడు. ఆ మాటలేవీ భూతద్దం గారికి వినిపించలేదు. ఆయన పక్కనున్న స్టూలు అంచు పట్టుకున్నాడు.

"నాన్నా, ఏమైంది? షుగర్ తగ్గిందా?"

"ఇంటికి పద," అన్నాడాయన. "వాటిని మార్చొద్దు. అలాగే ఉండనీ."

మంచం కిందనున్న ట్రంకుపెట్టెను లాగింది కూతురే. క్లబ్బులో డార్క్‌రూము మూసేసినప్పుడు తగలబెట్టమన్న కాగితాల్లోంచి ఆయన తెచ్చుకున్న కవర్లు అందులో ఉన్నాయి. దారిలో కొంత, ఇంటికొచ్చాక కొంత, మొత్తం చెప్పాడు. విన్నంతసేపూ ఆమె పెట్టె మూత మీద చేయి తీయలేదు.

"ముప్పై ఏళ్ళ నాటిది నాన్నా. అతనికిప్పుడు అరవై వస్తున్నాయి. మీకా బీపీ. తీరా చూస్తే మీరు చేసింది కరెక్టే కావచ్చు. ఎందుకొచ్చిన తవ్వకం చెప్పండి?"

"కరెక్టే అయితే చూడ్డానికి భయమెందుకమ్మా?"

ఆమె చేయి తీసేసింది.

ఆయన పద్ధతి ఇలా ఉండేది. అసలు ఫిల్ము మీద గీతలు పడకుండా దాన్ని భద్రం చేసి, ఒక నకలు తీసి, ఆ నకలు నుంచే ఫోటో పెద్దది చేసేవారు. అద్దంలో పడ్డ ముక్క కావలసి వస్తే మధ్యలో ఎక్కడో ఒకచోట ఫిల్మును తిరగేయాలి. లేకపోతే కుడి ఎడమవుతుంది. నకలు తీసేది ఆయన పై అధికారి. ముసలాయన, చాదస్తమంత జాగ్రత్త కలవాడు, పోయి చాలా కాలమైంది. పెద్దది చేసేది ఈయన. ఆ రోజు లోపల విచారణ పెద్దలు కాచుక్కూర్చున్నారు. బయట పిట్ట అక్క ఏడుస్తోంది. ముసలాయన నకలు చేతిలో పెట్టి పరుగున వెళ్ళిపోయాడు.

కవరు దొరికింది. అందులో నకలు ఫిల్ము ఉన్న చిన్న సంచీ ఒకటి, అదనంగా తీసిన ఫోటో ఒకటి. ఫోటో వెనుక ఆయన దస్తూరీలోనే, గుండ్రంగా, 'తిప్పాను' అని ఉంది. ఫిల్ము సంచీ అడుగున ముసలాయన కొక్కిరిబిక్కిరి అక్షరాలతో 'తిప్పితిని' అని ఉంది. ఆ సంచీ అడుగుభాగాన్ని ఆయన ఆ రోజు చూడలేదు. ఆ తరువాత చూడవలసిన అవసరమే రాలేదు.

అయినా అక్షరాలను కూడా నమ్మలేదు. భూతద్దం తీసి ఫోటో మీద పెట్టాడు. క్లబ్బు ఇచ్చే హెల్మెట్లన్నిటికీ పట్టీ బకిలు ఎడమ చెంప దగ్గరే ఉంటుంది. ఫోటోలో పిట్ట కుడివైపు దూసుకుపోతున్నాడు. అలా పోయే మనిషిది మనకు కుడి చెంపే కనబడాలి. కనబడుతున్న చెంప మీద బకిలు మెరుస్తోంది. అది ఎడమ చెంప. అంటే ఇది సరిచేయని అద్దపు బొమ్మే. కొరడా ఎత్తిన ఆ చేయి కుడి చేయి.

గుర్రాలు రోజూ పరిగెత్తే దిక్కుకే ఫోటోలో పిట్ట కూడా పోతున్నాడు గనుక ఆ రోజు ఎవరికీ అనుమానం రాలేదు. సరిగ్గా తిప్పి ఉంటే పిట్ట ఎడమవైపు పోతున్నట్టు ఉండేవాడు. చూసినవాళ్ళు ఇదేమిటని అడిగి ఉండేవారు. తప్పు బొమ్మ సహజంగా కనిపించింది.

హాల్లోంచి వెలుతురు తలుపు సందున పడి, పోయింది. నాలుగుంబావు అయి ఉంటుంది. లేచి చూడలేదు.

మరునాడు మూడు గంటలకు కంటి డాక్టరున్న భవనానికి ఒంటరిగా వెళ్ళాడు. కూతురు వస్తానంది, వద్దన్నాడు. లిఫ్టు తలుపు తెరుచుకుంది. పిట్ట ఆయన్ని చూసి, చూడనట్టే నాలుగు మీదికి వేలు పోనిచ్చాడు.

"నాలుక్కి కాదు పిట్టా. నీతో మాట్లాడాలి."

ముప్పై ఒక్క ఏళ్ళలో అది మొదటి మాట. పిట్ట వేలు గాలిలోనే ఆగింది.

"డ్యూటీలో ఉన్నా సార్. మాట్లాడాలంటే తిరుగుతూనే మాట్లాడాలి."

అలాగే తిరిగారు. ఒకటి నుంచి ఆరు, ఆరు నుంచి ఒకటి. రెండో అంతస్తులో కంటికి పట్టీ వేసుకున్న ఒకావిడ, ఆవిడను నడిపిస్తున్న కోడలు ఎక్కితే మాట ఆపాడు; వాళ్ళు దిగాక మళ్ళీ అందుకున్నాడు. అద్దం, నకలు, ముసలాయన తిప్పడం, తాను తిప్పడం, బకిలు. ఫోటో తీసి చేతికిచ్చాడు. పిట్ట కుడి చేత్తో అందుకుని, లిఫ్టు దీపం కిందికి జరిపి చూశాడు.

"నేను చేసిన తప్పు పిట్టా. నువ్వు చెప్పిందే నిజం. కుడి చేయే."

"మీకేం సార్," అన్నాడు పిట్ట, ఫోటో మీంచి చూపు తిప్పకుండా. "రెండుసార్లు తిప్పారు, ఇంటికెళ్ళి పడుకున్నారు. ఇప్పుడు మూడోసారి నన్ను తిప్పుతున్నారు."

ఆయన తల వంచుకున్నాడు.

"ఈ ఫోటో చూసేదాకా నాకు తెలుసు సార్. కుడి చేతిలో ఉందని, నా పేరు తెలిసినంత గట్టిగా తెలుసు. చూశాక మీరన్నారు, కెమెరా అబద్ధం చెప్పదని. మీరంతటివారు. వెంట్రుకంత తేడా కూడా వదలనివారు. అన్నాక నాకే అనుమానమొచ్చింది. నెల తిరిగేసరికి కళ్ళు మూసుకుంటే ఎడం చేతిలోనే కొరడా కనబడేది. బావ గుర్రం వైపు తోలడం కనబడేది. ఒట్టు సార్, నిజంగా కనబడేది. ఇప్పటికీ కనబడుతుంది."

"అది నీ జ్ఞాపకం కాదు. అది నా ఫోటో."

"ఏదైతేనేం." పిట్ట ఫోటో దించాడు. "మా అక్క మొదట్లో నా పక్షమే సార్. మా తమ్ముడు అలాంటోడు కాదని మీ పెద్దలతో పోట్లాడింది. నేనే వెళ్ళి బావ కాళ్ళ మీద పడ్డా. నా ఎడం చేయే బావా, ఎలా చేసిందో తెలీదు, అని ఏడ్చా. ఆ రోజు వేసింది సార్ తలుపు. క్లబ్బు శిక్ష వేసినందుకు కాదు, నేను ఒప్పుకున్నందుకు."

లిఫ్టు ఆరో అంతస్తులో ఆగి, తలుపులు తెరుచుకుని, ఎవరూ లేకపోవడంతో మూసుకుంది. భూతద్దం గారు అతని ఎడమ జేబు వైపు చూశాడు. అక్కడ ఏ దెబ్బా లేదని ఇప్పుడు అర్థమైంది. తన గోడ మీద రోజూ సాయంత్రం లేస్తున్న చేతికి కారణం రాసుకున్నాడు. ఈ చేయి ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎందుకు లేవడం లేదో ఒక్కసారీ అడగలేదు.

"మీ అక్క ఉందా?"

"ఉంది. బావా ఉన్నాడు, కర్ర పట్టుకుని నడుస్తాడు. ఇల్లు మారలేదు. ఆ వీధిలోంచి నేను పోను."

"నేను చెబుతాను. ఈ ఫోటో, ఈ సంచీ చూపించి, తప్పెక్కడ జరిగిందో నేనే చెబుతాను. నమ్ముతారో లేదో తెలియదు."

"తలుపు తీస్తారో లేదో అది కూడా తెలీదు," అన్నాడు పిట్ట. ఫోటోను జాగ్రత్తగా కవర్లో పెట్టి తిరిగి ఇచ్చాడు. "నా డ్యూటీ నాలుక్కి అవుతుంది."

"ఉంటాను."

"పైన డాక్టరు దగ్గర కూర్చోండి. ఇక్కడ నిలబడితే కాళ్ళు లాగుతాయి."

"పరవాలేదు. ఇక్కడే ఉంటాను."

నాలుగయ్యేదాకా ఇద్దరూ ఎక్కుతూ దిగుతూనే ఉన్నారు. ఎక్కినవాళ్ళు ఈ ముసలాయనకు ఏ అంతస్తుకు పోవాలో మరుపు వచ్చిందనుకుని జాలిగా చూశారు. ఒకామె చేయి పట్టుకుని దించబోయింది కూడా. "ఆయన నాతో వచ్చారమ్మా," అన్నాడు పిట్ట.

సరిగ్గా నాలుక్కి లిఫ్టు ఆరో అంతస్తులో ఖాళీగా నిలిచింది. పిట్ట జేబులో ఏదో కదిలింది. ఎడమ చేయి నెమ్మదిగా బయటికి వచ్చింది. ఎండ చూడని చేయి. రెండో చేతికంటే తెల్లగా, మెత్తగా, వేరెవరిదో అన్నట్టు ఉంది. అది బొత్తాల దాకా పోయి, తడబడి, ఒకసారి తప్పి, రెండోసారి కింది అంతస్తు బొత్తాన్ని నొక్కింది.

ఎదుటి స్టీలు గోడలో మాత్రం ఆ నొక్కిన చేయి కుడి చేయే. భూతద్దం గారు గోడ వైపు చూడకుండా, కవరును ఛాతీకి అదుముకుని, చేతినే చూస్తూ కిందికి దిగాడు.